బొమ్మ గీసే బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటున్నారు?

413 నిమిషాలు. మన దేశంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు చదువు పనుల మీద రోజుకు సగటున గడిపే సమయం ఇది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే తేల్చిన లెక్క. గంటల్లో చెప్పుకుంటే 6 గంటల 53 నిమిషాలు. నిద్ర, తిండి, స్నానం, రాకపోకలు పోను పిల్లవాడికి మిగిలేది కాసేపే. ఆ కాసేపట్లో వాడు బొమ్మ గీస్తానన్నా, పాట నేర్చుకుంటానన్నా అమ్మానాన్నలు చేయాల్సిందేమిటి? ఫీజు కట్టి పంపితే చాలా? పక్కన కూర్చోవాలా? కూర్చుంటే ఎన్నేళ్లు కూర్చోవాలి? వీటికి జవాబులు చాలావరకు అంకెల్లోనే ఉన్నాయి.

పట్టిసీమ నుంచి లెక్క మొదలుపెడదాం. ఈ పేరు వినగానే ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి 24 పంపులు, కృష్ణా డెల్టాకు మళ్లించే 80 టీఎంసీల గోదావరి నీళ్లు గుర్తొస్తాయి. భక్తులకైతే ఏటి నడుమ దేవకూట పర్వతం మీది వీరభద్రస్వామి, శివరాత్రి తీర్థం గుర్తొస్తాయి. చుట్టుపక్కల వాళ్లకు ఇది ‘పట్టిసం’. ఇక్కడి పిల్లలకు బొమ్మ గీయడానికి ఏమీ కొరత లేదు. కొండ ఉంది, గుడి ఉంది, ఇసుక మేటలున్నాయి, పాపికొండలకు వెళ్లే లాంచీలున్నాయి, వరద నాటికి రంగు మారిపోయే నీళ్లున్నాయి. కొరతల్లా నేర్పేవాళ్లకే.

రోడ్డు మీద రాజమహేంద్రవరం ఇక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. వారానికి ఒక్క క్లాసు కోసం పిల్లను అక్కడికి తీసుకెళ్లాలనుకుంటే రానూపోనూ 80 కిలోమీటర్లు. ఏడాదిలో సెలవులూ పండగలూ పోను 40 వారాలు వెళ్లారనుకోండి, మొత్తం 3,200 కిలోమీటర్లు. రాకపోకలకు వారానికి మూడు గంటలు వేసుకున్నా ఏడాదికి 120 గంటలు రోడ్డు మీదే పోతాయి. గంట క్లాసు చొప్పున నేర్చుకునేది 40 గంటలు. ఒక గంట చదువుకు మూడు గంటల ప్రయాణమన్నమాట. ఆదివారం కూలి మానుకుని వెంట వెళ్లే తండ్రికి ఆ రోజు సంపాదన కూడా పోతుంది. ఫీజు సంగతి ఇంకా మొదలే పెట్టలేదు.

ఇప్పుడు డబ్బు. 2025లో కేంద్ర గణాంక శాఖ చదువు ఖర్చుల మీద దేశమంతటా సర్వే చేసింది. పల్లెల్లో 25.5 శాతం, పట్టణాల్లో 30.7 శాతం మంది పిల్లలు ప్రైవేటు ట్యూషన్లకు వెళ్తున్నారని తేలింది. ఆ ట్యూషన్ల మీద ఒక్కో విద్యార్థికి సగటున ఏడాదికి పల్లెలో 1,793 రూపాయలు, పట్నంలో 3,988 రూపాయలు ఖర్చవుతోంది. వందలో 95 మంది పిల్లల చదువు ఖర్చుకు మొదటి ఆధారం ఇంట్లోవాళ్ల జేబే. పల్లెలో తల్లిదండ్రులు బడి బయట చదువుకు పెట్టగలుగుతున్న సగటు మొత్తం నెలకు 150 రూపాయలకు లోపేనని దీన్నిబట్టి తెలుస్తోంది. అదీ లెక్కలకో, ఇంగ్లీషుకో పోతుంది. డ్రాయింగు మాస్టారి వంతు వచ్చేసరికి జేబు ఖాళీ.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్‌లో మొదలుపెట్టిన ‘తల్లికి వందనం’ కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు కేటాయిస్తే, బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి. నెలకు పంచితే 1,083. నెలకు 500 ఫీజు ఉన్న సంగీతం క్లాసుకు పంపితే ఏడాదికి 6,000, అంటే దాదాపు సగం అక్కడికే సరిపోతుంది. బస్సు చార్జీలు వేరే. చెప్పులు, సంచి, నోటు పుస్తకాలు, చిన్నవాడి దగ్గు మందు అన్నీ ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉన్న ఇంట్లో తల్లిని ‘సంగీతం ఎందుకు చెప్పించలేదమ్మా’ అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

అయితే బిడ్డ కళకు డబ్బు ఒక్కటే ఆధారమైతే ఈ వ్యాసం ఇక్కడే ముగించాల్సి వచ్చేది. బ్రిటన్‌లో డేవిడ్‌సన్, హోవ్, మూర్, స్లొబోడా అనే పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వాయిద్యం నేర్చుకుంటున్న, నేర్చుకుని మానేసిన 257 మంది పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను కలిసి వివరాలు రాబట్టారు. పిల్లల వయసు 8 నుంచి 18. బాగా పైకి వచ్చిన పిల్లల ఇళ్లలో ఒక పోలిక కనిపించింది. మొదటి రోజుల్లో తల్లో తండ్రో క్లాసులో కూర్చున్నారు, మాస్టారు ఏం చెప్పాడో విన్నారు, ఇంటి దగ్గర సాధన చేస్తుంటే పక్కన ఉన్నారు. ఆ తల్లిదండ్రులు విద్వాంసులేమీ కారు. చాలామందికి ఒక్క వాయిద్యమూ వాయించడం రాదు. బిడ్డతో పాటు తామూ వినడం మొదలుపెట్టారు, అంతే. మధ్యలో మానేసిన పిల్లల ఇళ్లలో తొలినాళ్లలో ఆ ఆసక్తి తక్కువ.

చిన్నప్పుడు దగ్గరుండి, ఎదిగేకొద్దీ పగ్గాలు వదిలిన ఇళ్లలోనే సాధన నిలబడింది. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. ఆరేళ్లప్పుడు గీసిన బొమ్మను ఎవరూ చూడరు. పద్నాలుగేళ్లు వచ్చి పోటీలో బహుమతి వచ్చే అవకాశం కనబడ్డాక వెంటపడతారు.

పట్టిసంలో ఒక అరుగు మీద నేను చూసిన సంగతి చెబుతాను. ఆరో తరగతి పిల్లవాడు లెక్కల పుస్తకం అట్ట కింద పెట్టుకుని తెల్లకాగితం మీద క్రేయాన్లతో గీస్తున్నాడు. కాగితం పైన రెండు వేళ్ల వెడల్పు మేర మాత్రమే నీలం పూశాడు, అది ఆకాశం. మధ్యలో కొండ, కొండ మీద గోపురం, దాని మీద గోపురమంత ఎత్తు జెండా. కింద ఏరు. ఏటి పక్కన నల్లటి గొట్టాలు వరసగా, ఒక్కోదాని మూతి నుంచి తెల్లటి గీతలు. తల్లి పాల క్యాను కడుగుతూ వంగి చూసి, ‘ఏరా, గొట్టాల్లో నీళ్లు తెల్లగా పోస్తన్నావేంటి? ఏరు ఎర్రగా ఉంది కదా’ అంది. వాడు తలెత్తి, ‘పైనుంచి దూకినప్పుడు నురగ వస్తాదమ్మా, అందుకే’ అన్నాడు. అక్కడితో ఆగలేదు. వరదప్పుడు ఏరు ఎర్రగా ఉంటుందని, వేసవిలో పచ్చగా ఉంటుందని, ఈ బొమ్మ వరదప్పటిదని, అందుకే ఇసుక గీయలేదని ఏకధాటిగా చెప్పుకుపోయాడు. ఆవిడ క్యాను కడగడం ఆపలేదు, వినడమూ ఆపలేదు. ఆ ప్రశ్నకు రూపాయి ఖర్చు లేదు. డ్రాయింగు తెలియాల్సిన పని కూడా లేదు. నీళ్ల రంగు తెలిస్తే చాలు, అది ఏటి ఒడ్డు వాళ్లందరికీ తెలుసు.

ఈ తీరుగా మాట్లాడే సమయం ఇంట్లో ఎవరికి ఉంది? మళ్లీ సమయ వినియోగ సర్వేకే వెళ్దాం. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్లను చూసుకునే పనుల్లో ఉన్నారు, మగవాళ్లలో 21.4 శాతం. ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లలకు తిండి పెట్టడం, స్నానం చేయించడం, చదివించడం, పెద్దవాళ్ల బాగోగులు అన్నీ ఇందులో కలిసే ఉన్నాయి. వంట, గిన్నెలు, బట్టలు వేరే లెక్క. ‘తల్లిదండ్రుల భాగస్వామ్యం’ అని మనం మర్యాదగా అనే మాటలో తల్లి వాటా రెండింతలకు దగ్గర్లో ఉంది. బిడ్డ పక్కన ఇంకో అరగంట కూర్చోమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు ఆ అరగంట ఎవరి రోజులోంచి తీస్తారో చెప్పాలి. నా మటుకు నాకు అది తండ్రి రోజులోంచే రావాలి. సెల్‌ఫోను చూసుకునే సమయంలోంచి వచ్చినా పిల్లవాడికి అభ్యంతరం ఉండదు.

తల్లిదండ్రుల పట్టుదలకు పేరుపడ్డ దేశం చైనా. అక్కడ ఏం జరిగిందో కూడా అంకెలతోనే చూడాలి. చదువుల పోటీ, ట్యూషన్ల భారం శ్రుతి మించడంతో 2021 జూలైలో అక్కడి ప్రభుత్వం ‘జంట తగ్గింపు’ విధానం తెచ్చింది. హోంవర్కూ తగ్గాలి, బడి బయటి ట్యూషనూ తగ్గాలి. ఒకటి, రెండు తరగతులకు రాతపూర్వక హోంవర్కు వద్దంది. మూడు నుంచి ఆరు వరకు రోజుకు 60 నిమిషాలు, ఆపై మూడు తరగతులకు 90 నిమిషాలు మించరాదంది. బడి విడిచాక వారానికి 5 రోజులు, రోజుకు కనీసం 2 గంటలు బడిలోనే పిల్లలకు ఆటపాటలు, పాఠాల సాయం అందేలా చూడమంది. పాఠ్యాంశాల ట్యూషను వ్యాపారం మీద వేటు పడింది కానీ సంగీతం, చిత్రలేఖనం, ఆటల శిక్షణ ఆ వేటులోకి రాలేదు. 2022 జనవరి 1 నుంచి ఇంటి దగ్గర పిల్లల పెంపకంలో తల్లిదండ్రుల బాధ్యతను చెప్పే చట్టం కూడా అమల్లోకి వచ్చింది.

దీనికి ముందు, 2020 అక్టోబరులో, అక్కడి ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. తొమ్మిదో తరగతి చివర రాసే ఉన్నత పాఠశాల ప్రవేశ పరీక్షలో కళలకు కూడా మార్కులు కలిపే ప్రయోగాన్ని విస్తరించమని చెప్పింది. ఉద్దేశం మంచిదే. బొమ్మలూ పాటలూ పనికిమాలినవన్న చిన్నచూపు పోవాలన్నది దాని ఆశ. కానీ మార్కు వచ్చిన చోటికి పోటీ రాకుండా ఉంటుందా? ఇంటి దగ్గర సరదాగా సాగిన సాధన సిలబస్ అయిపోతుంది.

పిల్లల బొమ్మకూ బహుమతికీ ఉన్న సంబంధం మీద అమెరికాలో 1973లో అచ్చయిన ప్రయోగం ఒకటి తల్లిదండ్రులంతా తెలుసుకోదగ్గది. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలంటే ఇష్టపడే 51 మంది శిశుపాఠశాల పిల్లలను తీసుకున్నారు. ఒక గుంపుకు ‘బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి గీయించి ఇచ్చారు. రెండో గుంపుకు ముందు ఏమీ చెప్పకుండా గీశాక ఇచ్చారు. మూడో గుంపుకు అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలు పోయాక, తరగతి గదిలో స్కెచ్ పెన్నులు పెట్టి, ఎవరూ ఏమీ చెప్పకుండా, పిల్లలు తమంతట తాము ఎంతసేపు గీస్తారో చాటునుంచి చూశారు. ముందుగా బహుమతి మాట విన్న పిల్లలు తమ ఖాళీ సమయంలో 8.6 శాతం బొమ్మల మీద గడిపారు. బహుమతి అసలు అందుకోని పిల్లలు 16.7 శాతం గడిపారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లు 18.1 శాతం. బహుమతి ఆశ పెట్టిన గుంపులో ఇష్టం దాదాపు సగానికి పడిపోయింది. ఆ గుంపు పిల్లలు బహుమతి కోసం గీసిన బొమ్మల నాణ్యత కూడా మిగతావాటికంటే తక్కువని న్యాయనిర్ణేతలు తేల్చారు.

పిల్లవాడికి బహుమతి ఇవ్వడం తప్పని ఈ ప్రయోగం చెప్పదు. చెప్పకుండా ఇచ్చినప్పుడు నష్టం రాలేదు. ‘ఫస్టు వస్తే సైకిలు కొంటా’ అన్న బేరంతోనే చిక్కు.

బహుమతి ఆశ సంగతి అది. మరి కఠినమైన పెంపకం పనిచేస్తుందా? అమెరికాలోని చైనా సంతతి తల్లి ఎమీ చువా 2011లో రాసిన పుస్తకంతో ‘పులి తల్లి’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. పిల్లలను పియానో ముందు, వయొలిన్ ముందు గంటలకొద్దీ కూర్చోబెట్టిన తల్లి కథ అది. రెండేళ్ల తర్వాత సు యోంగ్ కిమ్, ఆమె సహ పరిశోధకులు 444 చైనీస్ అమెరికన్ కుటుంబాలను 8 ఏళ్ల పాటు మూడుసార్లు పరిశీలించిన ఫలితాలు ప్రచురించారు. అందులో పులి పెంపకం అందరూ అనుకున్నంత ఎక్కువగా లేదు. ఉన్న ఇళ్లలో పిల్లల మార్కులు, ప్రేమగా అండగా నిలిచిన ఇళ్లలోని పిల్లల మార్కులకంటే తక్కువ, దిగులు ఎక్కువ. అన్నిటికంటే మంచి ఫలితాలు అండగా నిలిచే పెంపకంలోనే వచ్చాయి.

బడి చదువు సంగతీ ఇంతే. హిల్, టైసన్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో మాధ్యమిక తరగతుల పిల్లల మీద వచ్చిన 50 అధ్యయనాలను కలిపి చూశారు. తల్లిదండ్రులు హోంవర్కు దగ్గర కూర్చుని చేయిస్తే లాభం నిలకడగా కనిపించలేదు. ‘ఈ చదువు దేనికి, రేపు ఏం కావాలనుకుంటున్నావు, ఈ పాఠానికీ బయటి లోకానికీ సంబంధమేంటి’ అని పిల్లలతో మాట్లాడే ఇళ్లలోనే చదువు ఎక్కువగా మెరుగుపడింది. పదో తరగతి లెక్కలు రాని తల్లిదండ్రులకు ఇది ఎంత పెద్ద ఊరటో! లెక్క రాకపోయినా ఆ మాటలు మాట్లాడవచ్చు.

గోదావరి జిల్లాలకు కళలో తక్కువ చరిత్రేమీ లేదు. రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో, 28 నిండకుండానే కన్నుమూశాడు. ఆయన ప్రతిభను మొదట గుర్తించి బొంబాయి జేజే కళాశాలకు వెళ్లేలా ప్రోత్సహించింది ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ చిత్రకారులు. ఇంట్లో ఒకరి చేతిలో కుంచె ఉంటే అది మరో ఇద్దరి చేతుల్లోకి వెళ్లింది. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు లా డిగ్రీ చేతపట్టుకునే బొమ్మల్లోకి వచ్చాడు. కోనసీమ వైపు కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. ఉచితంగా వసతి, భోజనం ఇచ్చి హరికథ నేర్పే ఈ బడికి పిల్లలను పంపిన తల్లిదండ్రులు చాలామంది ఫీజులు కట్టే స్థితిలో లేనివాళ్లే. పిల్లను అంతదూరాన వదిలి ఉండడమే వాళ్ల భాగస్వామ్యం. అది చిన్నదేమీ కాదు.

అయితే ప్రతి ఊరికీ ఒక కూల్డ్రే రాడు, ప్రతి పిల్లా కపిలేశ్వరపురం వెళ్లలేదు. మిగిలింది ఊళ్లోని బడి. అక్కడ చట్టం ఏం చెబుతోందో తల్లిదండ్రులకు తెలిసి తీరాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6, 7, 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పని దినాలు, 1,000 బోధనా గంటలు ఉండాలి. వారానికి ఒక్క 45 నిమిషాల డ్రాయింగు పీరియడు సక్రమంగా జరిగిందనుకుందాం. 36 వారాలకు 27 గంటలు. వెయ్యి గంటల్లో 2.7 శాతం. సిలబస్ మిగిలిపోయిందని ఆ పీరియడును లెక్కల మాస్టారు తీసుకోని బడి ఎక్కడుందో మీకే తెలుసు. పదో తరగతికి వచ్చేసరికి 600 మార్కుల్లో బొమ్మకు, పాటకు ఒక్క మార్కూ లేదు. మార్కులు పెట్టమని నేను అడగను. ఆ 51 మంది పిల్లల ప్రయోగం తెలిశాక అడగలేను. 27 గంటలను 27 గంటలుగా ఉంచమని మాత్రం గట్టిగా అడుగుతాను.

అదే చట్టం షెడ్యూలులో ఇంకో మాట ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో పిల్లల సంఖ్య 100 దాటితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. ఇది ఎవరి దయా కాదు, చట్టంలో రాసి ఉన్న ప్రమాణం. 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, కమిటీలో సగం మంది ఆడవాళ్లు. 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. కమిటీలో 12 మంది ఉంటే 9 మంది అమ్మానాన్నలే. ఇంత బలం చేతిలో ఉండి కూడా కమిటీ సమావేశాల్లో మాట మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం, ప్రహరీ గోడ దగ్గరే ఆగిపోతోంది. అవి అవసరమే. డ్రాయింగు మాస్టారి పోస్టు కూడా ఆ ప్రణాళికలో ఒక వాక్యంగా చేరాలి. రాయకుండా వదిలేస్తే పై అధికారుల దగ్గరికి అడిగిన దాఖలా కూడా చేరదు.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు సంచి లేకుండా బడికి రమ్మంటోంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడు వంటి స్థానికుల దగ్గర పిల్లలు పని చూసి నేర్చుకోవడానికి ఆ రోజులు. పట్టిసం చుట్టుపక్కల పడవ మరమ్మతు చేసేవాళ్లున్నారు, తీర్థానికి రంగులు వేసేవాళ్లున్నారు, హరికథలకు వంత పాడినవాళ్లున్నారు. వాళ్ల పిల్లలే ఈ బడిలో చదువుతున్నారు. పది రోజుల్లో ఒక రోజు ఆ తండ్రి వచ్చి తన పని చూపించడానికి జీవో అక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుడు పిలిస్తే చాలు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది. తల్లులకు ముగ్గుల పోటీలు పెట్టారు. చుక్కలు లెక్కపెట్టి, వాటి మధ్య మెలికలు తప్పకుండా కలిపే ఆ చేతులకు జ్యామితి, కొలత, రంగుల పొందిక అన్నీ తెలుసు. అక్కడున్నవాళ్లలో ఎందరో తల్లులు నెలకు ఒక పీరియడు ఆరో తరగతికి ముగ్గు నేర్పగలరు. లెక్కల మాస్టారు పక్కనుంటే అదే పీరియడులో సౌష్ఠవం పాఠం కూడా అయిపోతుంది.

రెండో శనివారం మినహా మిగిలిన శనివారాల్లో మధ్యాహ్నం ఒక గంట బడి అరుగు ఈ పనికి ఇస్తే ఏడాదికి 30 గంటలు తేలిగ్గా వస్తాయి. పీరియడు గంటలు 27 కలిపితే 57. రాజమహేంద్రవరం వెళ్లివచ్చే పిల్లకు దక్కే 40 గంటలకంటే 17 ఎక్కువ, 3,200 కిలోమీటర్ల ప్రయాణం లేకుండా. వచ్చే కమిటీ సమావేశంలో అడగాల్సినవి మూడే: మన బడిలో 6, 7, 8 తరగతుల పిల్లలు ఎందరు, నూరు దాటితే కళాబోధకుడి మాట ప్రణాళికలో రాశారా, శనివారం గంట ఎవరెవరు వంతులవారీగా కూర్చుంటారు. మూడో ప్రశ్నకు మొదటి పేరు తండ్రులే ఇస్తే బాగుంటుంది.